బోణీ బేరం

పాత వీడియో గేమ్ క్యాసెట్లు ఎక్కడ దొరుకుతాయని ఎవరైనా అడిగితే నేను సగం నిజమే చెప్తాను. టోక్యో వెళ్తున్నవాళ్ళని అకిహబరాలో దిగమంటాను, సూపర్ పొటాటో అనే కొట్టుకి దారి చెప్తాను. ఈబేలో కొనేవాళ్ళకి, అమ్మేవాడు అడుగుతున్న ధర పట్టించుకోవద్దనీ, అదే సరుకు ఈమధ్య ఎంతకు పోయిందో చూసుకోవాలనీ, దానికి వేరే ఫిల్టర్ ఉంటుందనీ ఓపిగ్గా వివరిస్తాను. అమెరికాలో ఉన్నవాళ్ళయితే గరాజ్ సేళ్ళు, గుడ్‌విల్ కొట్లు, ధర సరిచూసుకోవడానికి ప్రైస్‌చార్టింగ్ సైటు. ఇవన్నీ లోకానికంతటికీ తెలిసినవే, చెప్పినందువల్ల నాకు పోయేదేమీ లేదు. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆదివారం సంత దగ్గరికొచ్చేసరికి మాత్రం నా మాట మారుతుంది. "అబ్బే, ఇప్పుడక్కడ ఏం దొరకట్లేదండీ, అన్నీ పాత చార్జర్లే" అంటాను. చార్జర్లున్న మాట నిజమే.

పోనీ నేనేమన్నా వ్యాపారినా అంటే, కాదు. ఉద్యోగం చేసుకుని బతుకుతున్నాను. కొన్న క్యాసెట్ ఒక్కటీ అమ్మలేదు. అమ్ముకోనివాడికి వ్యాపార రహస్యం దేనికి? ఈ ప్రశ్న వెంట పడ్డాక, నా గురించి నేను చెప్పుకునే కథలో చాలా భాగం నిలబడేలా లేదని తేలుతోంది.

చిన్నతనాన్ని వెతుక్కుంటున్నానన్నది ఆ కథ. పాత గేములు పోగేసే ప్రతివాడూ ఈ మాటే చెప్తాడు. వినడానికి బాగుంటుంది, ఇంట్లోవాళ్ళ నోరు మూయించడానికీ పనికొస్తుంది. నా విషయంలో అందులో మొదటి చిక్కేమిటంటే, చిన్నప్పుడు నాకు టీవీ గేమ్ లేదు.

గుడివాడలో మా వీధి చివర వీడియో లైబ్రరీ ఒకటుండేది. కేబుల్ టీవీ వచ్చి సినిమా క్యాసెట్ల అద్దెలు పడిపోయాక, ఆ కొట్టాయన ముందుగదిలో రెండు చిన్న టీవీలు పెట్టి గేములు ఆడించడం మొదలుపెట్టాడు. అరగంటకి మూడు రూపాయలు. ఇద్దరు ఆడుతుంటే వెనకాల ఆరుగురం నిలబడి సలహాలిచ్చేవాళ్ళం. నేనెక్కువగా ఆ వెనకాల బ్యాచ్. కాంట్రాలో ఏ బండరాయి వెనక ఎవడు నక్కి ఉంటాడో, ట్యాంకుల గేములో మన గద్దబొమ్మ చుట్టూ ఇటుకలు పోకుండా ఎట్లా కాపాడుకోవాలో నాకు నోటికి వచ్చు. చేతులకి మాత్రం పెద్దగా రాదు. పక్కవాడికి చెప్పి ఆడించడంలో నాకు పేరుండేది.

ఆ టీవీల ముందు పెట్టిన డబ్బా మీద సమురాయ్ అని రాసుండేది. పక్కవీధిలో మా క్లాసువాడి ఇంట్లో ఉన్నదాని మీద మీడియా అనుండేది. రెండింటిలోనూ ఒకే క్యాసెట్లు పట్టేవి. ఎందుకు పడుతున్నాయో అప్పుడు ఎవరమూ అడగలేదు. 1983 జూలైలో జపాన్‌లో నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే మెషీన్ విడుదల చేసిందనీ, మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడనీ, అరవై పిన్నుల ఆ క్యాసెట్ అమరికనే తైవాన్, చైనా, హాంకాంగ్ వాళ్ళు నకలు కొట్టి సగం ప్రపంచానికి అమ్మారనీ నాకు ఇంజనీరింగ్ కాలేజీలో తెలిసింది. నింటెండో పేరు ఎందుకు తెలియలేదంటే, నకలు తీసినవాళ్ళు గేము మొదటి తెర మీంచి కంపెనీ పేరు చెరిపేసేవాళ్ళు. మేరియోకి మా ఊళ్ళో తల్లీతండ్రీ లేరు.

క్యాసెట్ పసుపు ప్లాస్టిక్. దాని మీద స్టిక్కర్లో 9999999 ఇన్ వన్ అని అచ్చేసి ఉండేది. లోపలున్నవి పట్టుమని పది పదిహేను గేములు. మిగతావన్నీ వాటినే మళ్ళీ రెండో లెవెల్ నుంచి, మూడో లెవెల్ నుంచి, బుల్లెట్లు మార్చి, పేరు మార్చి చూపించే మాయ. ఆ లిస్టు చివరిదాకా వెళ్ళి చూస్తానని పందెం కాసినవాడు నాకు తెలుసు. అరగంటా లిస్టులోనే అయిపోయింది, మూడు రూపాయలూ పోయాయి.

ఇదీ నా చిన్నతనం. అసలు సరుకు అందులో ఒక్కటీ లేదు. మరి ఇప్పుడు నా బీరువాలో ఉన్నవి? నూటికి తొంభై పాళ్ళు అసలైనవి. జపాన్‌లో అచ్చయినవి, అమెరికాలో అమ్ముడైనవి. చిన్నప్పుడు నేను కంటితో కూడా చూడనివి. ఏ ఒసాకా కుర్రాడిదో, ఏ ఒహాయో కుర్రాడిదో చిన్నతనాన్ని కొనుక్కొచ్చి నాదని చెప్పుకుంటున్నాను.

కంపెనీ పనిమీద కొన్నాళ్ళు జపాన్‌లో ఉండాల్సి రావడంతో ఈ పిచ్చి ముదిరింది. అకిహబరాలో సూపర్ పొటాటో చూడదగ్గ కొట్టే. ఇరుకు మెట్లు, గోడల నిండా క్యాసెట్లు, పై అంతస్తులో పాత ఆర్కేడ్ మెషీన్లు, చిన్నపిల్లల చాక్లెట్లు. కానీ అక్కడ ధరలు టూరిస్టుల కోసం పెట్టినవి. ఆ సంగతి ఎవరికైనా రెండో వారానికే అర్థమవుతుంది. తెలిసినవాళ్ళు ఊరి చివర పెద్ద రోడ్ల పక్కన ఉండే హార్డ్ ఆఫ్ కొట్లకి పోతారు. మన దగ్గర పాత సామాన్ల కొట్టుంటుందే, దాన్ని ఏసీ వేసి, తుడిచి, ప్రతిదానికీ చీటీ అంటిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. వెనక వరసలో నీలం రంగు ప్లాస్టిక్ బుట్టలుంటాయి. జంక్ సరుకు వాటిలోనే. పని చేస్తుందో లేదో మేం చూడలేదు, వాపసు తీసుకోం, ఇష్టమైతే కొనుక్కో అని దాని అర్థం. స్టిక్కర్ చిరిగినవి, రంగు మారినవి, పెట్టె లేనివి నూరు యెన్‌లకో రెండు వందల యెన్‌లకో దొరుకుతాయి. చాలావరకు పని చేస్తాయి కూడా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి పిన్నులు తుడిస్తే నల్లగా మురికొస్తుంది, ఆ తర్వాత క్యాసెట్ బతుకుతుంది. చిన్నప్పుడు మనమంతా ఊదేవాళ్ళం. ఊదవద్దని నింటెండోయే చెప్పింది, ఊపిరిలో తడి పిన్నులకి తుప్పు పట్టిస్తుంది. అయినా తీసి మళ్ళీ పెట్టడంతో పిన్నులు కుదురుకుని గేము వచ్చేది, మనం ఊదినందుకు వచ్చిందనుకునేవాళ్ళం.

సూపర్ మేరియో బ్రదర్స్ అక్కడ బుట్టల్లో దొర్లుతుంటుంది. 1985లో వచ్చిన ఆ గేము ఒక్క జపాన్‌లోనే 68 లక్షలకు పైగా అమ్ముడైంది మరి. ఆ బుట్టల్లో నాకు కొత్తగా కనబడ్డవి పేర్లు. క్యాసెట్ వెనక మార్కర్‌తో పిల్లలు తమ పేరు రాసుకునేవాళ్ళు, స్నేహితులకి అరువిస్తే తిరిగి రావాలి కదా. కొందరు తరగతీ, సెక్షనూ కూడా రాసుకున్నారు. పేరున్న క్యాసెట్‌కి ధర తగ్గుతుంది, చీటీ మీద ఆ సంగతి రాసి మరీ తగ్గిస్తారు. ఇలా పేర్లున్న క్యాసెట్లనే పోగేసి, నెట్‌లో పెట్టి, అసలు యజమాని ఎవరైనా గుర్తుపడితే తిరిగిచ్చే ఒకాయన జపాన్‌లో ఉన్నాడు. ఆయన గురించి చదివి నా కళ్ళు చెమర్చాయి. ఆ వారాంతం హార్డ్ ఆఫ్‌కి వెళ్ళి, బుట్టలో ఒకే గేము రెండు కనిపిస్తే పేరు లేనిది తీసుకున్నాను. ఎందుకంటే పేరున్నదాని కంటే దానికి విలువెక్కువ.

కాంట్రా కూడా అక్కడే కొన్నాను, జంక్ బుట్టలో కాదు, అద్దాల బీరువాలోంచి. 1988లో కొనామి ఫ్యామికామ్ కోసం విడుదల చేసిన అసలు క్యాసెట్, కొన్ని వేల యెన్‌లు. హైదరాబాద్ తెచ్చుకుని ఆడించడానికి కాస్త తతంగం ఉంది. పాత ఫ్యామికామ్ అడాప్టర్ 100 వోల్టులది, మన గోడలో వచ్చేది 230. తెలియకుండా గుచ్చితే అంతే సంగతులు. పైగా పాత మెషీన్ టీవీకి పంపే చానెల్ మన టీవీలకి సరిపడదు. అందుకని నేను 1993 చివర్లో వచ్చిన రెండో రకం మెషీన్ కొన్నాను, దానికి ఏవీ తీగ ఉంటుంది. అన్నీ బిగించి, ఒక శనివారం రాత్రి తలుపేసుకుని ఆన్ చేశాను.

మొదటి స్టేజీలో అడవి. చెట్ల ఆకులు కదులుతున్నాయి.

కొనామి జపాన్ క్యాసెట్‌లో తన సొంత చిప్ ఒకటి పెట్టింది. దాని చలవతోనే ఆ ఆకులు ఊగుతాయి, మంచు స్టేజీలో మంచు గాలికి కొట్టుకుపోతుంది, స్టేజీకీ స్టేజీకీ మధ్య కథ చెప్పే బొమ్మలొస్తాయి. అమెరికా క్యాసెట్‌లో ఇవి లేవు. మా గుడివాడ క్యాసెట్‌లో అసలే లేవు, అక్కడ ఆకులు గోడకి అంటించినట్టు ఉండేవి. నా ముందున్నది అన్ని విధాలా మెరుగైన కాంట్రా. పదినిమిషాలు ఆడి ఆపేశాను. బాగా లేక కాదు. నేను వచ్చింది ఆ కదలని ఆకుల కోసం. ఇందులో నాకు తెలిసినవాడు ఒక్కడూ లేడు.

ఆ రాత్రే నాకు అర్థం కావాల్సింది. చిన్నతనమే కావాలనుకుంటే ఆ పసుపు క్యాసెట్ కొనుక్కోవాలి. అది నెట్‌లో ఇప్పటికీ కొత్తది తయారై వస్తుంది, పిజ్జా ఖరీదు కూడా కాదు. నేను కొనలేదు. నకలు కదా. సేకరించేవాళ్ళ లోకంలో నకలు కొనడం పరువు తక్కువ. నాకు ఆ లోకంలో అప్పటికే కాస్త పేరుంది, ఫొటో పంపిస్తే అసలుదో నకలుదో చెప్పగలవాడినని. మళ్ళీ అదే, వెనకాల నిలబడి సలహాలిచ్చే బ్యాచ్.

ఇక ఎర్రగడ్డ సంగతి. ఆదివారం పొద్దున్నే వెళ్ళాలి. పది దాటితే జనం, ఎండ. రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టాలు పరిచి కుప్పలుగా పోస్తారు: రిమోట్లు, స్పానర్లు, మిక్సీ జార్లు, ఒంటరి స్పీకర్లు, ఏ మెషీన్‌దో ఎవడికీ తెలియని అడాప్టర్లు. పాత ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు కిలోల లెక్కన వచ్చిన సామాను ఇక్కడ ఒక్కొక్కటిగా విడిపోతుంది. నగరంలో జుమేరాత్ బజారుది కూడా ఇదే పని, గురువారాల్లో. గేముల కోసమని ఎవడూ అక్కడికి రాడు. వచ్చినా దొరకని రోజులే ఎక్కువ. దొరికినప్పుడు మాత్రం అది అమెరికా నుంచి సెలవులకొచ్చిన పిల్లలెవరో అమ్మమ్మగారింట్లో వదిలేసి వెళ్ళిందై ఉంటుందని నా ఊహ. ఆ ఇళ్ళల్లో అల్మైరా పై అరలో ఒక జిప్ సంచీ ఉంటుంది, అది ఇరవై ఏళ్ళ తర్వాత పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కుతుంది.

అట్లాంటి సంచీ ఒకటి ఒకరోజు కనబడింది. అందులో పగిలిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఒకటి, దాని పక్కనే చిన్న క్యాసెట్. ఆకుపచ్చ ప్లాస్టిక్, వెలుతురుకి పెడితే లోపల చిప్పు మసకగా కనిపించే రకం. పోకెమాన్ ఎమరాల్డ్. అమెరికాలో 2005లో వచ్చింది, విడి క్యాసెట్‌కే వంద డాలర్లు దాటి పలుకుతుంది. అందుకే లోకంలో దీనికి ఉన్నన్ని నకళ్ళు తక్కువ గేములకి ఉంటాయి. నేను దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ముందు ఒక రిమోట్ తీసుకున్నాను. దాని బ్యాటరీ మూత తీసి చూశాను. ఒక స్క్రూడ్రైవర్ ధర అడిగాను. ఆ తర్వాత, ఏదో చేతికి తగిలినట్టు, క్యాసెట్ తీశాను.

స్టిక్కర్‌ని వెలుతురులో వాల్చాను. సిరా లేకుండా నొక్కిన రెండంకెలు ఒక పక్కన కనబడ్డాయి. నకళ్ళ మీద ఈ నొక్కు సాధారణంగా ఉండదు. వెనక మూడు రెక్కల మర. కింద పిన్నుల పైన, బోర్డు మీద, సన్నని అక్షరాల్లో నింటెండో అనే పేరు. ప్లాస్టిక్ లోంచి గుండ్రంగా బ్యాటరీ నీడ. గుండె దడదడలాడుతోంది. మొహం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంచాను, ఆ విద్య నాకు బాగానే అబ్బింది.

"ఇదేందన్నా?" అన్నాను, తెలియనట్టు.

"గేమ్ చిప్పన్నా. అసల్ మాల్, ఫారిన్‌ది. రెండొందలియ్యి."

"పన్జేస్తదా? మెషీన్ పగిలిపోయింది కదా, చూస్కోనీకి కూడా లేదు."

"నాకేం తెల్సన్నా, వచ్చినకాడికి అమ్ముకుంటం. బోణీ టైము, నూటయాభై ఇయ్యి."

"వంద."

ఆయన నా మొహం చూశాడు, క్యాసెట్ చూశాడు, పక్కకి ఉమ్మేసి, "నూటిరవై. ఇగ మాట్లాడకు" అన్నాడు. ఇచ్చేశాను. ఆయన ఆ నోట్లని కళ్ళకద్దుకుని, పట్టా మీదున్న సామాను మీద ఒకసారి తిప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. నూటిరవైకి ఎమరాల్డ్ కొట్టానంటే మా గుంపులో అదొక వీరగాథ. ఇన్నిసార్లు చెప్పినా ఆ కళ్ళకద్దుకోవడం మాత్రం ఎప్పుడూ చెప్పలేదని ఈమధ్యే గమనించాను. రెండొందల నుంచి నూటిరవైకి దించిన సంగతి కూడా చెప్పను, "నూటిరవై అన్నాడు, ఇచ్చేశాను" అంటాను. ఎందుకు కత్తిరిస్తున్నానో నాకు తెలుసు. వేల రూపాయలు చేసే వస్తువుని రెండొందలకి కొనడం వరకు అదృష్టం. దాని మీద ఇంకో ఎనభై రూపాయలు తగ్గించడం అదృష్టం కాదు. దానికి వేరే పేరుంది, వినేవాళ్ళు ఆ పేరు పెట్టకుండా నేనే ముందు కోసేస్తున్నాను.

నా తరపు వాదన ఉంది, లేకపోలేదు. సంతలో అడిగినంతా ఇచ్చేస్తే అనుమానమొస్తుంది. బేరం ఆడకపోతే "ఆగన్నా, రేటు కనుక్కుని చెప్తా" అని సరుకు వెనక్కి లాక్కుంటారు. బేరమనేది అక్కడ మాట్లాడే భాష, ఆడకపోవడమే తప్పు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ క్షణంలో నా బుర్రలో ఈ వాదనలేవీ లేవు. నాకు తెలిసింది ఆయనకి తెలియదనే సంబరం ఒక్కటే ఉంది. అది ఎంత పెద్ద సంబరమో చెప్తే నమ్మరు. కాంట్రా ఆకులు ఊగినప్పుడు కలగనిది, మేరియోని చివరిదాకా ఆడినప్పుడు కూడా కలగనిది, ఆ పట్టా ముందు గొంతుక్కూర్చుని అమాయకుడి మొహం పెట్టినప్పుడు కలిగింది. నేను ఆదివారం పొద్దున్నే లేచి వెళ్ళేది దానికోసం. హార్డ్ ఆఫ్‌లో ఈ సుఖం సగమే, ఎందుకంటే అక్కడ చీటీ రాసినవాడికి ధర తెలుసు. సూపర్ పొటాటోలో అసలు లేదు. అందుకే ఆ రెండింటి దారీ అడిగినవాళ్ళకల్లా చెప్పేస్తాను.

తెలిసినవాడు తెలియనివాడి దగ్గర కొనడమే సెకండ్‌హ్యాండ్ వ్యాపారం మొత్తానికి పునాది అని ఎవరైనా అనవచ్చు. పాత పుస్తకాల కొట్టులో అరుదైన ముద్రణ పది రూపాయలకి పట్టుకొచ్చినవాణ్ణి మనం మెచ్చుకుంటాం కదా. మెచ్చుకుంటాం. నేనూ మెచ్చుకుంటాను. కాకపోతే అతను దాన్ని చదువుతాడని అనుకుంటూ మెచ్చుకుంటాను.

ఇంటికెళ్ళి ఆ ఎమరాల్డ్‌ని నా దగ్గరున్న మెషీన్‌లో పెట్టాను. లోపలి బ్యాటరీ అయిపోయిందని, ఆడుకోవచ్చు గానీ గడియారంతో పనిపడేవి జరగవని మొదటే ఒక సందేశం వచ్చింది.  ఈ గేములో సేవ్ చేసిన ఆట బ్యాటరీ పోయినా చెరగదు. ఆ పిల్లవాడెవరో ఆడిన ఆట అలాగే ఉంది, పేరూ, ఆడిన గంటలూ, పెంచుకున్న జంతువులూ. ఈ క్యాసెట్‌లో ఒక్క ఆటకే చోటు. నేను కొత్తగా మొదలుపెట్టి సేవ్ చేస్తే అతనిది పోతుంది. అందుకే ఆడలేదని స్నేహితులకి చెప్తుంటాను. ఒకడు "ఎంత సున్నితమైన మనసురా నీది" అని కూడా అన్నాడు. నిజానికి నాకు పోకెమాన్ ఆడటం రాదు, నేర్చుకోవాలనీ లేదు. అది వచ్చే నాటికి నేను ఉద్యోగంలో చేరిపోయాను. ఆ పిల్లవాడి ఆట నాకు దొరికిన మంచి సాకు.

ఇంకో సాకు ఇంతకంటే గంభీరమైనది, పరిరక్షణ. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు ఒక అధ్యయనం వెలువరించారు, అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో మామూలుగా కొనడానికి దొరకవని. ఆ అంకె నా నోట చాలాసార్లు వచ్చింది, ముఖ్యంగా కొరియర్ పార్సిల్ ఇంటికొచ్చిన రోజుల్లో. చరిత్రని కాపాడుతున్నానని ఇంట్లో చెప్పుకోవడానికి అంతకంటే మంచి అంకె లేదు. అయితే నా బీరువా ఏ చరిత్రని కాపాడుతోంది? ఆ క్యాసెట్లలో ఉన్నదంతా ఎప్పుడో ఎవరెవరో ఓపికమంతులు చిప్పుల్లోంచి కాపీ తీసి భద్రపరిచారు. ఎవర్‌డ్రైవ్ లాంటి క్యాసెట్ ఒకటి కొని మెమరీ కార్డు పెడితే ఫ్యామికామ్ గేములు దాదాపు అన్నీ ఆ ఒక్కదాంట్లోనే, అసలు మెషీన్ మీదే ఆడుకోవచ్చు. ఆడటమే నాకు కావలసిందైతే ఈ వేట మొత్తం ఆ ఒక్క కొనుగోలుతో ముగిసిపోవాలి. ముగిసిపోతుందనే నేను దాన్ని కొనలేదు.

మా ఆవిడకి నాకంటే ముందే ఇదంతా తెలిసినట్టుంది. ఒకసారి బీరువా దుమ్ము దులుపుతూ, "వీటిల్లో మీరు ఆడినవి వేరేగా, ఆడనివి వేరేగా పెట్టండి, ఆడినవాటి అర నేను తుడుస్తా" అంది. ఆ అర ఇంకా ఏర్పడలేదు.

2021 జూలైలో సీలు విప్పని సూపర్ మేరియో 64 ఒకటి హెరిటేజ్ ఆక్షన్స్‌లో 15.6 లక్షల డాలర్లకు పోయినప్పుడు మా గుంపంతా మండిపడింది. ఆడని గేముకి అంత ధరా, అద్దాల పెట్టెలో పెట్టి చూసుకోవడానికా, డబ్బున్నవాళ్ళొచ్చి మా సరదాని షేర్ మార్కెట్ చేసేశారు అని. అందరికంటే గట్టిగా నేనే అన్నాను. ఇప్పుడు చూసుకుంటే ఆ కొన్నవాడికీ నాకూ తేడా సున్నాల దగ్గరే ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే, 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లని న్యూ మెక్సికోలోని అలమగోర్డో చెత్తదిబ్బలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వి పదమూడు వందల దాకా బయటికి తీశారు. వాటిల్లో వందలకొద్దీ ఈబేలో అమ్మితే లక్ష డాలర్ల పైన వచ్చింది. ముప్పై ఏళ్ళు మట్టిలో నలిగిన సరుకు ఆడటానికి ఎవడు కొంటాడు? అప్పట్లో ఒకటి నాకు దొరికుంటే అప్పు చేసైనా కొనేవాణ్ణి.

చెప్పాల్సినవన్నీ చెప్తున్నాను కాబట్టి పసుపు క్యాసెట్ సంగతి కూడా చెప్పాలి. ఎమరాల్డ్ కొన్న తర్వాత కొన్నాళ్ళకి అదే ఎర్రగడ్డలో, వేరే పట్టా మీద, అది కనబడింది. కొత్తగా తయారైంది కాదు, ఆనాటిదే, స్టిక్కర్ సగం ఊడి మేరియో టోపీ, కొన్ని తొమ్మిదులు మిగిలాయి. ఒక ముసలాయన అమ్ముతున్నాడు. యాభై అన్నాడు. నా చెయ్యి దానంతటదే క్యాసెట్ తిప్పి కింద చూసింది. నల్లటి తారు బొట్టు లాంటి చిప్పు, ఎవడి పేరూ లేని బోర్డు. "నకలు" అనుకుని పెట్టేశాను. పక్క పట్టా దాకా వెళ్ళాక గానీ నేను పెట్టేసింది ఏమిటో తట్టలేదు. వెనక్కి వెళ్ళి యాభై ఇచ్చాను. బేరమాడలేదు. ఆడకపోవడంలో గొప్పేమీ లేదు, దాని విలువ నాకు తెలిసినంతే ఆయనకీ తెలుసు, ఇద్దరికీ అది యాభై రూపాయల వస్తువే, ఇంక బేరానికి అందులో ఏముంది? ఇంటికొచ్చి పెడితే వెలిగింది. ఆకులు కదలలేదు. చాలాసేపు ఆడాను. ఆడిన సంగతి గుంపులో ఎవరికీ చెప్పలేదు, ఫొటో పెట్టలేదు.

దాంతో నేను మారిపోయానని అనుకోకండి. ఆ పై ఆదివారం మళ్ళీ ఎర్రగడ్డలోనే ఉన్నాను, రిమోట్ల మూతలు తీస్తూ.

మొన్న ఆఫీసులో ఒకాయన, వాళ్ళబ్బాయికి పదేళ్ళు, వాడికి పాత పోకెమాన్ గేముల పిచ్చి పట్టుకుందనీ, నెట్‌లో కొంటే రెండుసార్లూ నకలు వచ్చిందనీ, సేవ్ చేసినవన్నీ పోయి వాడు ఏడుస్తున్నాడనీ చెప్పాడు. ఎమరాల్డ్ ఎక్కడ దొరుకుతుందండీ అని నన్నడిగాడు. సూపర్ పొటాటో, ఈబే, ప్రైస్‌చార్టింగ్ అని మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని, "మీ దగ్గర ఒకటుందటగా, ఎవరో చెప్పారు, నూటిరవైకి కొన్నారట" అన్నాడు. ఆడే పిల్లాడు, ఆడని నేను. ఇంత తేలికైన లెక్క నాకు ఉద్యోగంలో కూడా ఎప్పుడూ ఎదురవలేదు. ఇచ్చేద్దామనే అనుకున్నాను. నోరు తెరిస్తే, "మార్కెట్‌లో పన్నెండు వేలు దాటుతోందండీ, మీకు కాబట్టి ఎనిమిదికి ఇస్తాను" అని వచ్చింది. మీకు కాబట్టి అన్నది సంతలో నేర్చుకున్న మాట.

ఆయన ఇంట్లో అడిగి చెప్తానన్నాడు, ఇంకా బేరం మొదలుపెట్టలేదు. మొదలుపెడితే ఆరు దాకా దిగుదామనుకుంటున్నాను.